పానకమా? ఇంగిలీకమా?

హైస్కూల్లో రసాయన శాస్త్రం చదివిన తెలుగు విద్యార్థులకు స్థిరానుపాత నియమం కంఠతా వచ్చే ఉంటుంది. సమ్మేళనం ఎక్కడ దొరికినా, ఎలా తయారైనా, అందులోని మూలకాల భార నిష్పత్తి మారదు. నీటిలో 1 గ్రాము హైడ్రోజన్‌కు 8 గ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. గోదావరి నీళ్లయినా, గాజు గొట్టంలో పుట్టిన నీళ్లయినా లెక్క అదే. ఇందులో వాదించుకోవడానికి ఏముంది అనిపిస్తుంది. కానీ 1800 తరవాత ఐరోపాలో ఇద్దరు పెద్ద రసాయనవేత్తలు సరిగ్గా దీని మీదే ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఎవరు గెలిచారో పుస్తకాలు చెబుతాయి. ఏ ప్రశ్న మీద గెలిచారో మాత్రం చెప్పవు.

పద్దెనిమిదో శతాబ్దిలో విశ్లేషకులు స్థిరమైన కూర్పును నమ్ముకునే పనిచేసేవారు. జర్మనీలో రిక్టర్ 1792 నుంచి ఆమ్లాలూ క్షారాలూ ఏ పాళ్లలో కలుస్తాయో పట్టికలు కడుతున్నాడు. ఆ నమ్మకాన్ని నియమంగా నిలబెట్టినవాడు జోసెఫ్ లూయీ ప్రూస్ట్. 1754లో ఫ్రాన్స్‌లోని ఆంజేలో, మందులు తయారుచేసే ఇంట్లో పుట్టాడు. కీర్తి తెచ్చిన పనంతా స్పెయిన్‌లో చేశాడు. మొదట సెగోవియా ఫిరంగి దళ పాఠశాలలో, తరవాత మాడ్రిడ్‌లో రాజుగారి ప్రయోగశాలలో.

1799లో ఆయన ప్రకటించిన రాగి ప్రయోగం చూడటానికి చాలా మామూలుది. 100 పౌన్ల రాగిని ఆమ్లంలో కరిగించి, సోడా కార్బొనేట్‌తో అవక్షేపిస్తే 180 పౌన్ల ఆకుపచ్చ కార్బొనేట్ వస్తుంది. ఆమ్లం ఏదైనా ఫలితం అదే. గనిలో దొరికే మాలకైట్‌ను విశ్లేషించినా అవే పాళ్లు. ఈనాటి పరమాణు భారాలతో లెక్క కడితే రావలసింది 174 పౌన్లే. తూకం కొంచెం తప్పింది, తీర్మానం తప్పలేదు. భూగర్భంలో వేల ఏళ్లు తీసుకున్న ప్రకృతి, గాజు పాత్రలో కాసేపట్లో ముగించిన మనిషి ఒకే తక్కెడ వాడుతున్నారని ప్రూస్ట్ తేల్చాడు. జపాన్ ఇంగిలీకమైనా, స్పెయిన్‌లోని అల్మదేన్ గని ఇంగిలీకమైనా పాదరసం, గంధకం పాళ్లు ఒకటేనన్నాడు.

అవతలి పక్షంలో ఉన్నవాడు క్లాడ్ లూయీ బెర్తొలే. లావోయిజేతో కలిసి 1787లో రసాయన పదార్థాలకు కొత్త పేర్లు పెట్టిన నలుగురిలో ఒకడు. క్లోరిన్‌తో బట్టలు చలువ చేయడం నేర్పినవాడు. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లాడు. నైలు నదికి పడమర ఎడారిలో ఉన్న నట్రాన్ సరస్సుల ఒడ్డున బట్టలుతికే సోడా పేరుకుని ఉండటం చూశాడు. ప్రయోగశాలలో సోడా ద్రావణంలో కాల్షియం క్లోరైడ్ పోస్తే సున్నపురాయి అడుగున దిగుతుంది, ఉప్పు నీటిలో మిగులుతుంది. ఇక్కడ అదే చర్య వెనక్కి నడిచింది. అంతులేని సున్నపురాయి మీద ఉప్పునీరు నిలిచి సోడా పుట్టింది.

ఏ పదార్థానికి ఏది ఇష్టమో తెలిస్తే చర్య ఎటు పోతుందో చెప్పేయవచ్చని అప్పటిదాకా అనుకునేవారు. ఇష్టం ఒక్కటే చాలదు, ఎంత పరిమాణం ఉందన్నది కూడా చర్య దిశను నిర్ణయిస్తుందని బెర్తొలే గ్రహించాడు. అక్కడితో ఆగి ఉంటే ఆయన మాటకు ఎదురుండేది కాదు. ఆయన ఇంకో అడుగు వేశాడు. పరిమాణం చర్య దిశను మార్చగలిగితే, పుట్టిన పదార్థం కూర్పును మాత్రం ఎందుకు మార్చదు? 1803లో వెలువరించిన తన పెద్ద గ్రంథంలో ఈ వాదాన్నే విస్తరించాడు. కూర్పు స్థిరంగా కనిపించడానికి ప్రత్యేక కారణం ఉంటుందన్నాడు. పదార్థం అడుగున దిగిపోవడమో, వాయువై ఎగిరిపోవడమో, స్ఫటికమై గట్టిపడటమో జరిగినచోటే నిష్పత్తి కుదురుకుంటుందని, మిగతాచోట్ల ఒక హద్దు నుంచి మరో హద్దు దాకా జరుగుతూ పోవచ్చని ఆయన వాదం. ద్రావణాలు, మిశ్రమ లోహాలు, గాజు, గాలిలో కాల్చిన కొద్దీ రంగులు మారే సీసపు ఆక్సైడ్లు ఆయన సాక్షులు.

ప్రూస్ట్ జవాబుకు మూలం ఒక్కటే: కలిసి ఉన్నవన్నీ ఒకటైపోయినట్టు కాదు. పానకంలో బెల్లం చేతికొచ్చినంత వేసుకోవచ్చు. ఇత్తడిలో రాగీ తుత్తునాగం పాళ్లు మార్చుకోవచ్చు. ఇంగిలీకంలో అది కుదరదు. బెర్తొలే చూపిన మధ్యంతర ఆక్సైడ్లను ఒక్కొక్కటే తీసుకుని, కొన్ని రెండు ఆక్సైడ్ల మిశ్రమాలని, కొన్నింటిలో నీరు కూడా కలిసి ఉందని ప్రూస్ట్ తేల్చాడు. తగరానికి రెండు ఆక్సైడ్లున్నాయి. ఒకదాని నుంచి రెండోదానికి గెంతే తప్ప జారుడు లేదన్నాడు. 1808 దాకా పత్రికల్లో సాగిన ఈ పోరులో ఇద్దరూ మర్యాద తప్పలేదు.

ఇక్కడే ఒక విచిత్రం. తగరం ఆక్సైడ్లలో 100 గ్రాముల తగరానికి ఒకదానిలో సుమారు 13.5 గ్రాములు, రెండోదానిలో 27 గ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. సరిగ్గా రెట్టింపు. ప్రూస్ట్ తన ఫలితాలను శాతాల్లో రాసుకున్నాడు. శాతాల్లో ఆ రెట్టింపు కంటికి కనబడదు. బహుళానుపాత నియమం ఆయన చేతిదాకా వచ్చి జారిపోయింది. దాన్ని అందుకున్నది మాంచెస్టర్‌లోని జాన్ డాల్టన్. 1808లో వచ్చిన ఆయన పుస్తకం ప్రూస్ట్ నియమానికి కారణం చూపింది. పరమాణువులు లెక్కపెట్టి కలుస్తాయి, సగం పరమాణువు ఉండదు, కాబట్టి నిష్పత్తి గెంతుతుంది. అదే ఏడాది థామ్సన్, వొలాస్టన్ లవణాల్లో ఆ గెంతులను చూపారు. తరవాత స్వీడన్‌లో బెర్జీలియస్, 1860లలో బెల్జియంలో స్టాస్ మరింత సున్నితమైన తూకాలతో తీర్పును ఖాయం చేశారు.

ఓడినవాడి ప్రశ్న మాత్రం చావలేదు. 1864లో నార్వేకు చెందిన గుల్డ్‌బర్గ్, వాగే ద్రవ్యరాశి క్రియా నియమాన్ని రూపొందించినప్పుడు, పరిమాణం గురించి బెర్తొలే అన్న మాట గణితంగా తిరిగొచ్చింది. 1914 ప్రాంతంలో రష్యాలో మిశ్రమ లోహాలను పరిశీలిస్తున్న కుర్నకోవ్‌కు, ఒకే స్ఫటిక రూపంలో ఉంటూనే కూర్పు మార్చుకునే పదార్థాలు ఎదురయ్యాయి. స్థిరమైన వాటిని డాల్టొనైడ్లని, జరిగేవాటిని బెర్తొలైడ్లని పిలిచాడు. అదే సమయంలో మరోవైపు నుంచీ దెబ్బ తగిలింది. యురేనియం ఖనిజాల్లోని సీసం మామూలు సీసం కన్నా తేలికని రిచర్డ్స్ 1914లో తూచి చూపాడు. ఐసోటోపులు వేరైతే, ఒకే సమ్మేళనంలోనూ భార నిష్పత్తి కొంచెం మారుతుంది.

బెర్తొలైడ్లకు తేలికైన ఉదాహరణ ఉస్టైట్ అనే ఐరన్ ఆక్సైడ్. కాగితం మీద ఇనుము ఒకటికి ఆక్సిజన్ ఒకటి. మామూలు పీడనంలో దొరికే స్ఫటికంలో ఇనుము ఎప్పుడూ కొంత తక్కువే, ఆక్సిజన్ ఒకటికి 0.95 చుట్టుపక్కల. కొన్ని ఇనుప అయాన్ల స్థానాలు ఖాళీగా ఉంటాయి. విద్యుదావేశం సరిపోవడానికి మిగిలినవాటిలో కొన్ని రెండుకు బదులు మూడు ధనావేశాలు మోస్తాయి. ఇది మిశ్రమం అనడానికి వీల్లేదు, స్ఫటికం ఒక్కటే. 1987లో 93 కెల్విన్ దగ్గర అతివాహకంగా మారి సంచలనం రేపిన యిట్రియం, బేరియం, రాగి ఆక్సైడ్ కూడా ఈ జాతిదే. ఫార్ములాలో ఆక్సిజన్ 7కు దగ్గరగా ఉంటే అతివాహకం, 6కు దిగితే విద్యుత్తునే పోనివ్వదు.

ప్రూస్ట్ గెలుపు న్యాయమైనదే. ద్రావణాన్నీ సమ్మేళనాన్నీ ఒకే గాట కట్టి ఉంటే డాల్టన్‌కు పట్టు దొరికేది కాదు. కానీ ఆ గెలుపులో కొంత భాగం సమ్మేళనం అనే మాటకు అర్థం గీయడంలో ఉంది. నిష్పత్తి మారితే మిశ్రమమని పక్కన పెడితే, మిగిలినవాటిలో నిష్పత్తి మారదు. అణువులుగా విడివిడిగా నిలిచే నీరు, అమ్మోనియా లాంటివాటికి ఆ గీత చక్కగా సరిపోయింది. ఘన స్ఫటికాల దగ్గర చెరిగిపోయింది.

అందుకే పాఠం చెప్పే మాస్టార్లకు ఒక మనవి. స్థిరానుపాత నియమం బోర్డు మీద రాసిన రోజునే, పక్కన ఉస్టైట్ పేరు కూడా రాయండి. నియమం ఎక్కడిదాకా నడుస్తుందో తెలిసిన పిల్లవాడికి అది ఇంకా బాగా గుర్తుంటుంది.