పరుల బిడ్డను ఇంటికి తెచ్చుకోవడం: కఫాలత్ చరిత్ర

  



ఈ వారం మనం యతీముల గురించి మాట్లాడుకుందాం. అయితే యతీంఖానాకు ఇచ్చే చందా గురించి కాదు. మరొక తల్లి కడుపున పుట్టిన బిడ్డను మన గడప లోపలికి తీసుకొనివచ్చి, మన దస్తర్‌ఖాన్‌పై కూర్చోబెట్టి, మన పిల్లల పక్కన పడుకోబెట్టడం గురించి. నేడు ప్రభుత్వం దీనికి ఒక పద్ధతిని ఏర్పరచింది. దరఖాస్తు, విచారణ, అనుమతి, తనిఖీ అందులో భాగాలు. దానిని ఫాస్టర్ కేర్ అంటున్నారు. మన ఫుఖహాలు ఉపయోగించిన మాట కఫాలత్.

ఈ విషయమై మా వద్దకు వచ్చేవారి ప్రశ్నలు ఇంచుమించు ఒకే విధంగా ఉంటాయి. బిడ్డకు మా పేరు ఇవ్వవచ్చునా? ఆస్తి సంగతి ఏమిటి? పెద్దయ్యాక పర్దా మాటేమిటి? రేపు కన్నవారు వచ్చి తీసుకొనిపోతే మా గుండె ఏమవుతుంది? ఇవన్నీ అడిగాక, కొంత రోషంతో, ఉద్యోగులు వచ్చి మా ఇల్లు పరీక్షించడం ఏమిటని కూడా అడుగుతారు. వీటికి జవాబులు చట్టం పుస్తకాలకన్నా ముందే మన చరిత్రలో ఉన్నాయి.

తండ్రి మరణించిన తరువాత జన్మించిన శిశువు మన ప్రవక్త (స). బనూ సఅద్ తెగ స్త్రీలు పాలిచ్చి పెంచడానికి బిడ్డలను వెతుక్కుంటూ మక్కాకు వచ్చారు. ఆ పనికి ప్రతిఫలం బిడ్డ తండ్రి నుండి రావాలి. తండ్రి లేడని తెలిసి ఒకరి తరువాత ఒకరు ఈ బిడ్డను కాదన్నారు. హలీమా కూడా మొదట కాదన్నవారిలోనే ఉన్నారు. అది కరవు సంవత్సరం. ఆమె గాడిద బక్కచిక్కి నడవలేకపోతున్నది, ఆడ ఒంటెకు పాలు లేవు, ఆమె సొంత బిడ్డ రాత్రంతా ఆకలితో ఏడుస్తున్నాడు. తోటివారందరికీ బిడ్డలు దొరికాక, ఒట్టి చేతులతో తిరిగి వెళ్ళలేక, ఆ యతీమునే తెచ్చుకుంటానని ఆమె భర్తను అడిగారు. ఆయన సరేనన్నారు. సీరత్ రచయితలు ఈ వివరాన్ని దాచిపెట్టలేదు. గొప్ప సంకల్పం కలిగేదాకా ఆగుదామనుకొనేవారు ఈ ఘట్టాన్ని మరొకసారి చదవాలని మా మనవి.

పాలు మాన్పించిన తరువాత హలీమా బిడ్డను తల్లి ఆమినా వద్దకు తీసుకువచ్చారు. అప్పటికి ఆయనను విడిచి ఉండలేని స్థితిలో ఉన్నారు. మక్కాలో అంటువ్యాధి భయం ఉన్నదని చెప్పి, బతిమాలి, మళ్ళీ ఎడారికి తీసుకొనిపోయారు. చివరకు మాత్రం అప్పగించే తీరవలసివచ్చింది. కన్నతల్లి బ్రతికి ఉన్నది, బిడ్డ ఆమెవాడు. పెంచిన బిడ్డను తిరిగి ఇచ్చే బాధ నేటి ఫాస్టర్ తల్లులకు కొత్తగా వచ్చినది కాదు.

ఆ బంధం అక్కడితో తెగిపోయిందా? హిజ్రీ 8వ సంవత్సరంలో హునైన్ యుద్ధం తరువాత ఖైదీలలో ఒక స్త్రీ తాను ప్రవక్త (స) వారి పాల సోదరి షైమానని చెప్పుకున్నారు. చిన్ననాడు ఆయన కొరికిన పంటిగుర్తును నిదర్శనంగా చెప్పారు. ఆయన గుర్తించి, తన పైవస్త్రాన్ని పరచి ఆమెను కూర్చోబెట్టారు. ఉండదలచుకుంటే గౌరవంగా ఉంచుతామని, వెళ్ళదలచుకుంటే కానుకలతో పంపుతామని అన్నారు. ఆమె తన వారి వద్దకే వెళ్ళారు. తరువాత హవాజిన్ తెగ పెద్దలు వచ్చి, ఈ ఖైదీలలో మిమ్మల్ని పెంచిన వారి బంధువులున్నారని విన్నవించుకున్నప్పుడు సుమారు 6,000 మంది విడుదలయ్యారు. ఒక పేదరాలు కాదనలేక తెచ్చుకున్న బిడ్డ వలన అరవై ఏళ్ళ తరువాత ఒక తెగ మొత్తం బయటపడింది.

ఆరేళ్ళ వయసులో అబ్వా వద్ద తల్లిని, ఎనిమిదేళ్ళప్పుడు తాతను పోగొట్టుకున్న ఆయన, అబూ తాలిబ్ ఇంట పెరిగారు. ఆ ఇంట్లో పిల్లలు ఎక్కువ, సంపద తక్కువ. అబూ తాలిబ్ పేరు మనందరికీ తెలుసు గానీ, రోజూ వడ్డించిన ఆయన భార్య ఫాతిమా బిన్త్ అసద్ (రజి) పేరు మన ప్రసంగాలలో అరుదుగా వినిపిస్తుంది. ఆమె మదీనాలో మరణించినప్పుడు ప్రవక్త (స) తన అంగీని కఫన్‌గా ఇచ్చారనీ, ఆమె సమాధిలో స్వయంగా దిగి పడుకున్నారనీ ఉల్లేఖనాలు ఉన్నాయి. తరువాత ఒక కరవులో అబూ తాలిబ్ భారం తగ్గించడానికి ఆ ఇంటి కుమారుడు అలీ (రజి)ని ప్రవక్త (స) తన ఇంటికి తెచ్చుకున్నారు. అబ్బాస్ జాఫర్‌ను తీసుకువెళ్ళారు.

ఇక పేరు విషయం. బాల్యంలో బందీగా పట్టుబడి అమ్ముడుపోయిన జైద్ బిన్ హారిసా (రజి) చివరకు హజ్రత్ ఖదీజా (రజి) ఇంటికి చేరారు. తండ్రి వెతుక్కుంటూ వచ్చినప్పుడు, వెళ్ళే స్వేచ్ఛ ఉండి కూడా జైద్ ముహమ్మద్ (స) వద్దనే ఉంటానన్నారు. ఆయన జైద్‌ను కాబా వద్ద కుమారుడిగా ప్రకటించారు. ప్రజలు జైద్ బిన్ ముహమ్మద్ అని పిలవసాగారు. అల్ అహ్‌జాబ్ సూరాలోని ఆయతులు అవతరించిన తరువాత ఆయన మళ్ళీ జైద్ బిన్ హారిసా అయ్యారు. బిడ్డలను తమ తండ్రుల పేరుతోనే పిలవాలనీ, తండ్రి ఎవరో తెలియకపోతే వారు ధర్మంలో మీ సోదరులనీ ఆ ఆయతుల భావం. చాలామంది ఇక్కడితో ఆగిపోయి, ఇస్లాంలో దత్తత లేదు గనుక మనకు ఈ పని లేదని తేల్చేస్తారు. కానీ పేరు మారిన తరువాత జైద్ స్థానం ఏమైనా తగ్గిందా? ప్రవక్త (స) వారి ప్రియతముడు అన్న బిరుదు ఆయనకు నిలిచే ఉంది. మూతా యుద్ధానికి మొదటి సేనాని ఆయనే. సహాబీలలో ఖుర్ఆన్‌లో పేరుతో ప్రస్తావించబడినవారు ఆయన ఒక్కరే. ఆయన కుమారుడు ఉసామా (రజి) ఇరవై ఏళ్ళు నిండకముందే, పెద్ద పెద్ద సహాబీలున్న సైన్యానికి నాయకుడుగా నియమితులయ్యారు. ఆ ఆయతు బిడ్డ వంశాన్ని బిడ్డకే భద్రపరచింది. ఆస్తి విషయంలో కూడా దారి మూసుకుపోలేదు: పెంచిన బిడ్డ వారసుడు కాడు గనుక మూడవ వంతు మించకుండా వసీయత్ వ్రాయవచ్చు, జీవించి ఉండగా హిబా చేయవచ్చు.

అతిజాగ్రత్త కూడా ఒక కాలంలో సమస్య అయింది. యతీముల సొమ్ము అన్యాయంగా తినేవారి గురించి కఠినమైన హెచ్చరిక వచ్చినప్పుడు, వారిని పెంచుతున్న సహాబీలు భయపడి వారి అన్నం, నీళ్ళు వేరుచేశారు. మిగిలిన అన్నం చెడిపోయినా ముట్టేవారు కారు. బిడ్డ ఒంటరిగా తినే ఇల్లు అయింది. అప్పుడు అల్ బఖరా సూరాలోని ఆయతు, కలిసి ఉండవచ్చునని, వారు మీ సోదరులేనని అనుమతించింది. హజ్రత్ ఆయిషా (రజి) తన సోదరుని యతీం బిడ్డలను ఇంట్లోనే పెంచారు. వారిలో ఒకరైన ఖాసిం బిన్ ముహమ్మద్ మదీనాలోని ఏడుగురు ప్రసిద్ధ ఫుఖహాలలో ఒకరయ్యారు.

విచారణ విషయానికి వద్దాం. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో బనూ సులైమ్‌కు చెందిన సునైన్ అబూ జమీలా అనే ఆయనకు దిక్కులేని శిశువు దొరికింది. ఎత్తుకొని ఖలీఫా వద్దకు తెచ్చారు. ఉమర్ (రజి) మెచ్చుకోలేదు, అనుమానించారు. ఈ బిడ్డను ఎందుకు తీసుకున్నావని అడిగి, శంకను సూచించే ఒక అరబ్బు సామెత కూడా అన్నారు. దిక్కులేక పడి ఉంటే తీసుకున్నానని ఆయన జవాబు. అప్పుడు ఆ తెగ బాధ్యుడు, అరీఫ్ అనేవారు, ఇతను సజ్జనుడని సాక్ష్యం చెప్పారు. ఆ సాక్ష్యం విన్న తరువాతనే, బిడ్డ స్వతంత్రుడని, పెంపకం నీదని, ఖర్చు మాదని ఉమర్ (రజి) తీర్పునిచ్చారు. ఇమామ్ మాలిక్ ముఅత్తాలో ఈ సంఘటన ఉంది. ఫిఖ్హ్‌లో లఖీత్ అధ్యాయం దీని చుట్టూనే పెరిగింది.

గమనించండి: ప్రశ్న, సాక్ష్యం, అధికారి ఉత్తర్వు, ఖజానా నుండి ఖర్చు. నేటి పద్ధతి కూడా ఇంచుమించు ఇదే వరుసలో నడుస్తుంది. అమీరుల్ మూమినీన్ ఎదుట ప్రశ్నింపబడడం అబూ జమీలాకు అవమానం కాలేదు. ఒక ఉద్యోగిని వచ్చి మన ఇంట్లో పిల్లలు ఎక్కడ పడుకుంటారో చూస్తే మనకెందుకు అవమానం?

మన పూర్వులు యతీముల కోసం వక్ఫ్‌లు చేశారు. మమ్లూకుల కాలపు కైరోలో వీధి చలివేంద్రం పై అంతస్తులో యతీం పిల్లలకు మక్తబ్ ఉండేది. తిండీ బట్టా వక్ఫ్ నుండి వచ్చేవి. హైదరాబాదు నాంపల్లిలోని అనీసుల్ గుర్బా ఎందరికో నీడనిచ్చింది. ఈ సేవను తక్కువ చేయడం లేదు. కాని యతీంఖానాలు వచ్చాక మన ఇళ్ళ తలుపులు కొంత మూసుకున్నాయన్నది మా అభిప్రాయం. చందా రసీదుతో బాధ్యత తీరిందనుకున్నాం.

మన దేశంలో ముస్లింలకు చాలాకాలం అందుబాటులో ఉన్న మార్గం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. 1972లో అందరికీ ఒకే దత్తత బిల్లు వచ్చినప్పుడు మన పెద్దలు అభ్యంతరం చెప్పారు. అది చట్టం కాలేదు. 2014 ఫిబ్రవరి 19న షబ్నమ్ హాష్మీ కేసులో సుప్రీంకోర్టు, బాలల న్యాయ చట్టం కింద ఏ మతస్థులైనా దత్తత తీసుకోవచ్చునని, అది ఇష్టపడినవారికే గాని నిర్బంధం కాదని చెప్పింది. ఆ కేసులో ముస్లిం పర్సనల్ లా బోర్డు, మాకు కఫాలత్ అనే విధానం ఉన్నదని న్యాయస్థానానికి విన్నవించింది. ఇది మనల్ని నిద్రపోనివ్వకూడని మాట. దేశ అత్యున్నత న్యాయస్థానంలో మన పక్షాన ఆ మాట చెప్పబడింది. దానికి సాక్ష్యంగా మన మొహల్లాలో ఎన్ని ఇళ్ళను చూపగలం?

2015 నాటి బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ చూపిన మార్గంలో షరీఅత్‌కు ఇబ్బంది కలిగించేది మాకు కనబడలేదు. బిడ్డ పేరు మారదు, వంశం మారదు. జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతో బిడ్డ ఇంటికి వస్తుంది. చదువు, ఆరోగ్యం, పోషణ ఆ కుటుంబం బాధ్యత. తోబుట్టువులను వీలైనంతవరకు కలిపే ఉంచాలి. కన్నవారు వచ్చి చూసి వెళ్ళే అవకాశం ఇవ్వవచ్చు. ప్రతి నెలా తనిఖీ ఉంటుంది. లోపం కనబడితే బిడ్డను వెనక్కి తీసుకుంటారు. మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సహాయం ఉంది. ఆ సొమ్ము బిడ్డది. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఒంటరి మహిళలు కూడా దరఖాస్తు చేయవచ్చు. ఇలా వచ్చే పిల్లలు సాధారణంగా ఆరేళ్ళు దాటినవారు. కనుక పాల సంబంధం ఏర్పడదు. పాలు తాగే వయసు ఇమామ్ అబూ హనీఫా దృష్టిలో ముప్ఫై నెలలు, వారి ఇద్దరు శిష్యుల దృష్టిలో రెండేళ్ళు. బిడ్డ ఎదిగాక పర్దా నియమాలు వర్తిస్తాయి గనుక, మీ ఇంట్లో గదులు, మీ సొంత పిల్లల వయసు చూసుకొని బాలుడా, బాలికా అన్నది ముందే ఆలోచించి దరఖాస్తులో చెప్పండి.

బిడ్డ మరొక మతం వారి బిడ్డ అయితే? మదీనాలో ఇస్లాంకు ముందు, పిల్లలు బ్రతకని కొందరు అన్సారీ స్త్రీలు, బిడ్డ బ్రతికితే యూదునిగా పెంచుతామని మొక్కుకొనేవారు. బనూ నజీర్ తెగ మదీనా వదలి వెళ్ళేటప్పుడు వారి మధ్య అలాంటి పిల్లలున్నారు. తమ పిల్లలను వదలబోమని అన్సారులు పట్టుపట్టినప్పుడే, ధర్మం విషయంలో బలవంతం లేదనే ఆయతు అవతరించిందని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం. అది తమ సొంత రక్తం పంచుకున్న పిల్లల విషయం. అలాంటప్పుడు అమానతుగా వచ్చిన పరుల బిడ్డపై మనకు ఎంత జాగ్రత్త అవసరం!

అమెరికాలో కాలిఫోర్నియాలోని అజూసా పట్టణంలో లిబియా నుండి వలస వచ్చిన మొహమద్ బజీక్ అనే ముస్లిం 1989 నుండి, అక్కడి ప్రభుత్వ అనుమతితో, పరుల బిడ్డలను తెచ్చుకొని పెంచుతూ వచ్చారు. తరువాత కోలుకునే ఆశలేని రోగులైన పసివారిని మాత్రమే అడిగి తెచ్చుకున్నారు. సుమారు పదిమంది ఆయన సంరక్షణలో ఉండగా కన్నుమూశారు. 2017లో పత్రికలు వ్రాసేదాకా బయటివారికి పెద్దగా తెలియదు.

దరఖాస్తు కోసం జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్ళండి. భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళండి. హలీమా కూడా భర్తను అడిగిన తరువాతనే ఆ బిడ్డను ఎత్తుకున్నారు. మీ సొంత పిల్లలతో ముందే మాట్లాడండి. బిడ్డ వచ్చిన మొదటి వారం బంధువులందరినీ పిలిచి చూపించవద్దు. ఏ పేరుతో వచ్చిందో ఆ పేరుతోనే పిలవండి, తల్లి ఊసెత్తి ఏడిస్తే ఏడవనివ్వండి. ఇరుగుపొరుగువారు యతీం, యతీం అని ఆ బిడ్డ చెవిన పడేలా అనకుండా ఉంటే చాలు, అది మీ వంతు కఫాలత్.

అల్లాహ్ మన ఇళ్ళను విశాలం చేయుగాక! ఈ రాత్రి తన మంచం ఎవరి ఇంట్లో ఉంటుందో తెలియని బిడ్డలకు ఆయనే దారి చూపుగాక! ఆమీన్.