చాసర్ కవితలో మన హకీములు

మేము డిగ్రీ చదివే రోజుల్లో ఇంగ్లీషు పాఠంగా చాసర్ కవి వచ్చినాడు. కాంటర్‌బరీ యాత్రకు బయలుదేరిన వారిలో ఒక వైద్యుడున్నాడు. ఆయనకు తెలిసిన గ్రంథకర్తల పేర్లు అక్కడ వరుసగా ఉన్నవి. పాఠం చెప్పేవారు "వీళ్ళంతా పాత డాక్టర్లు, పరీక్షలో రారు" అని పేజీ తిప్పేసినారు. మేమూ తిప్పేసినాము. ఉర్దూ మీడియం నుండి వెళ్ళిన మాకు ఆ ఇంగ్లీషే ఒక కొండ, ఇక ప్రశ్న అడిగే ధైర్యమెక్కడిది!

చాలా ఏళ్ళకు తెలిసిందేమిటంటే, అందులోని రాజిస్ అంటే అల్ రాజీ, అవిసెన్ అంటే ఇబ్న్ సీనా, అవెరోయిస్ అంటే ఇబ్న్ రుష్ద్. గ్రీకుల బుఖ్రాత్, జాలీనూస్ కూడా అక్కడే ఉన్నారు. మా మొహల్లా హకీం సాహెబు నాడి చూస్తూ చెప్పే పేర్లే గదా ఇవి!

ఇవి లండన్‌కు ఎట్లా చేరినవి? స్పెయిన్‌లోని తొలేదో నగరం 1085లో క్రైస్తవ రాజుల వశమైంది. అక్కడి అరబ్బీ గ్రంథాలు అక్కడే మిగిలినవి. 12వ శతాబ్దంలో గెరార్డ్ అనే ఇటలీ పండితుడు అక్కడ కూర్చుని ఇబ్న్ సీనా 'అల్ ఖానూన్'ను లాటిన్‌లోకి మార్చినాడు. యూరపు విశ్వవిద్యాలయాల్లో శతాబ్దాల పాటు అది పాఠ్యగ్రంథం. అలాగని మనం జబ్బలు చరచుకోనక్కరలేదు, చాసర్ ఆ వైద్యుణ్ణి ఎగతాళి కూడా చేసినాడు. ప్లేగు రోజుల్లో సంపాదించినది ఆయన భద్రంగా దాచుకున్నాడట. బంగారం గుండెకు మందు గనుక బంగారమంటే ప్రీతి అట! వట్టిగా చదివితే ఇది పిసినారి మీద హాస్యం. కాని 1348లో ఇంగ్లండుకు ప్లేగు వచ్చిందనీ, జనాభాలో మూడో వంతుకు పైగా పోయిందని అంచనా ఉన్నదనీ తెలిస్తే ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

అదే యాత్రలో ఒక యోధుడున్నాడు. 1365లో అలెగ్జాండ్రియాను పట్టినప్పుడు అక్కడున్నాడట. ఆ సేన కొద్ది రోజుల్లోనే నగరాన్ని కొల్లగొట్టి ఓడలెక్కి పోయింది. అదే యోధుడు ఒక తురుష్క ప్రభువు పక్షాన మరో తురుష్కునితో కూడా పోరాడినాడు! ఇది పొగడ్తా, ఎత్తిపొడుపా అని పండితులు నేటికీ తగువు పడుతూనే ఉన్నారు. మాకైతే రెండూ కలిసినట్లే తోస్తుంది.

మాకు అన్నిటికన్నా నచ్చినది మరొకటి. 1391 ప్రాంతంలో చాసర్ పదేళ్ళ లూయిస్ కోసం అస్తర్లాబు, అనగా నక్షత్రాలు కొలిచే యంత్రం గురించి తేలిక ఇంగ్లీషులో పుస్తకం రాసినాడు. బాగ్దాదు జ్యోతిష్కుడు మాషాఅల్లాహ్ పేరు మీద లాటిన్‌లో చలామణి అయిన గ్రంథమే దానికి ఆధారం. పిల్లవాడికి లాటిన్ అంతగా రాదు గనుక ఇంగ్లీషులో రాస్తున్నానని చాసరే చెప్పుకున్నాడు.

ఈ సంగతి మా క్లాసులో చెప్పినాము. వెనక బెంచీ వాడొకడు లేచి, "సర్, మాకు ఇంగ్లీషు ఎట్లాగో వాడికి లాటిన్ అట్లాగా?" అన్నాడు.

"అవును బేటా, అట్లాగే" అన్నాము.