కపోసిఫార్మ్ హెమాంజియోఎండోథీలియోమా

కపోసిఫార్మ్ హెమాంజియోఎండోథీలియోమా పసిపిల్లల చర్మంలోను, దాని కింది మెత్తని కణజాలంలోను అరుదుగా ఏర్పడే రక్తనాళాల కణితి. ఎక్కువగా మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది. పైచర్మం కమిలినట్లు ఊదారంగుకు తిరుగుతుంది. తాకితే గట్టిగా, వెచ్చగా ఉంటుంది. దూరపు అవయవాలకు పాకదు గాని, చుట్టూ ఉన్న కండలోకి చొచ్చుకుపోతుంది.

దీని చరిత్ర మరో పేరుతో మొదలైంది. న్యూయార్క్ బేబీస్ హాస్పిటల్‌లో రేడియాలజిస్టు హేగ్ కసబాక్, పిల్లల వైద్యురాలు క్యాథరీన్ మెరిట్ 1940లో ఒక మగశిశువు కేసును ప్రచురించారు. తొడ మీది గడ్డ వేగంగా పెరిగింది. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయి చర్మం కింద రక్తపు మరకలు తేలాయి. వాళ్లు ఆ గడ్డను హెమాంజియోమా అనుకున్నారు. ఆ స్థితికి కసబాక్-మెరిట్ సిండ్రోమ్ అన్న పేరు స్థిరపడింది.

తర్వాత అర్ధశతాబ్దం పైగా ప్లేట్‌లెట్లు పడిపోవడానికి కారణమన్న నింద హెమాంజియోమా మీదే ఉండిపోయింది. పసిపిల్లల్లో తరచూ కనిపించి, ఏడాది దాటాక తనంతట తానే తగ్గుముఖం పట్టే ఎర్రటి గడ్డ అది.

1993లో జుకర్‌బర్గ్, నికలాఫ్, వైస్ అసలు కణితిని విడిగా వర్ణించి, నేటి పేరు పెట్టారు. సూక్ష్మదర్శినిలో కదురు ఆకారపు కణాలు ముద్దలుగా, వాటి మధ్య చీలికల్లాంటి నాళాలు కనిపిస్తాయి. కపోసీ సార్కోమా అనే క్యాన్సర్‌ను తలపించే ఈ పోలికే పేరుకు మూలం. ఆ వ్యాధికి కారణమైన వైరస్‌తో దీనికి సంబంధం లేదు. 1997లో రెండు పరిశోధన బృందాలు వేర్వేరుగా అసలు విషయం తేల్చాయి: ప్లేట్‌లెట్లను హరించేది మామూలు హెమాంజియోమా కాదు, ఈ కణితి, దీనికి దగ్గరి బంధువైన టఫ్టెడ్ యాంజియోమా. ఈ రంగంలో ఇంతకన్నా విలువైన దిద్దుబాటు మరొకటి లేదనే చెప్పాలి. చికిత్స దారి దాంతోనే మారింది.

ప్లేట్‌లెట్లు కణితి నాళాల్లోనే చిక్కుకుంటాయి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ ఖర్చయిపోతుంది. సంఖ్య తగ్గింది కదా అని ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే అవీ అక్కడే చిక్కి, గడ్డ మరింత ఉబ్బవచ్చు. అందుకే రక్తస్రావమో శస్త్రచికిత్సో ఉంటే తప్ప ఎక్కించరు.

స్టెరాయిడ్లు, విన్‌క్రిస్టీన్ చాలాకాలం ప్రధాన మందులు. 2010 తర్వాత సిరోలిమస్ ముందుకొచ్చింది. ఈస్టర్ ద్వీపపు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వేరుచేసిన ఈ మందు చాలామంది పిల్లల్లో ప్లేట్‌లెట్లను తిరిగి పెంచుతుంది. వ్యాధినిరోధక శక్తిని తగ్గిస్తుంది కాబట్టి రక్తంలో దాని స్థాయిని పరీక్షిస్తూ, ఇన్ఫెక్షన్లను కనిపెట్టుకుని ఉండాలి. ప్లేట్‌లెట్లు సర్దుకున్నాక కూడా కణితి పూర్తిగా పోకుండా మిగిలిపోవచ్చు, మందు ఆపితే తిరగబెట్టవచ్చు. కీళ్ల దగ్గర బిగుతు, నొప్పి ఏళ్ల తరబడి వేధించవచ్చు.