లంకసేద్యము – పొరుగువారి ఋణము

కులచరిత్ర వ్రాయబూనినవారు రాజులను, ఖడ్గములను వెదకుట పరిపాటి. మేము గోదావరి లంకలను వెదకితిమి. లంక యన నదీగర్భమున ఒండ్రు మేటవేయగా నేర్పడిన దీవి.

ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభింపబడి 1852లో ముగిసినది. కాలువల నీటితో డెల్టా మాగాణి యయ్యెను. ఏటిగట్టులకు లోపలనున్న లంకలకు మాత్రము వరదయే యెరువు, వరదయే శత్రువు. పొగాకు, అరటి, కంద పండిన చేనే యొకయేడు కోతబడి యేటిపాలగును. వేరొకచోట క్రొత్తమేట లేచును.

అట్టితావున రైతు ఒంటరిగా బ్రదుకజాలడు. పడవ నడపినవారు పల్లెకారులు. నాగలి చెక్కినవారు వడ్రంగులు. తోలుపని చేసినవారు మాదిగలు. నాట్లకును కోతలకును నడుము వంచినవారు మాలలు, మాదిగలు. 1986 ఆగస్టు వరదలో లంకలు మునిగినపుడు ప్రాణములను గట్టు చేర్చినది పడవయే కాని భూమిపట్టా కాదు.

మన పెద్దలు ఆ కష్టజీవులకు కళ్లమున మేర కొలిచిరే కాని రచ్చబండపై చోటీయరైరి. ఈ దోషమును దాచి వ్రాసిన చరిత్ర చరిత్ర కానేరదు. సోదరులారా! మన గ్రామచరిత్రలయందు వారి శ్రమకును ఒక పుట యుండవలెనని మా విన్నపము.