పల్లకి ఆగే ఊళ్లు

ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో ఒక పనికి గడువు పెట్టాలంటే తేదీ చెప్పరు. "పారువేట వచ్చే లోపల అయిపోవాల" అంటారు. నేను పుట్టింది ఆ పల్లెల్లో, బతుకుతున్నది నంద్యాలలో. పనులు వాయిదా వేసే అలవాటును ఎలా మానుకోవాలో చెప్పే ఉపన్యాసాలు ఊళ్లో తరచుగా జరుగుతుంటాయి. వాటిని విన్నప్పుడల్లా నాకు అహోబిలం పల్లకే గుర్తొస్తుంది. ఆ ఉపన్యాసాల సారమంతా మా పెద్దలు ఒక ఆచారంలో ఎప్పుడో పెట్టిపోయారు.

అహోబిలం ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల ఒడిలో ఉంది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని, అందుచేత ఆయన చెంచుల అల్లుడని ఇక్కడి నమ్మకం. ఆ కల్యాణం ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాల్లో జరుగుతుంది. ఆ పెళ్లి పిలుపులకు మాత్రం స్వామి స్వయంగా బయలుదేరతాడు. సంక్రాంతి మరునాడు, కనుమ రోజున, జ్వాలా నరసింహుడి ఉత్సవమూర్తినీ ప్రహ్లాదవరదుడి ఉత్సవమూర్తినీ పల్లకిలో ఉంచి కొండ కింది ఊళ్లకు తీసుకొస్తారు. చెంచులు విల్లంబులు పట్టి పల్లకి మీదికి బాణాలు వేసి సాగనంపుతారు. అక్కడి నుంచి నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లలో స్వామి తిరుగుతాడు. ఈ యాత్రనే పారువేట అంటారు. ప్రతి ఊళ్లోనూ పల్లకిని దించడానికి ఒక అరుగు ఉంటుంది. దాన్ని 'తెలుపు' అంటారు. బ్రహ్మోత్సవాల వేళకు పల్లకి తిరిగి అహోబిలం చేరుతుంది.

ఈ ఆచారాన్ని అహోబిల మఠం మొదటి జీయరు ఆదివణ్ శఠగోప యతి ఏర్పరచాడని, అది జరిగి ఆరువందల ఏళ్లయిందని సంప్రదాయం చెబుతుంది. తాళ్లపాక అన్నమయ్యకు గురువుగా చెప్పుకునేది కూడా ఆయన్నే. తర్వాతి కాలంలో ఈ క్షేత్రం వైభవమూ చూసింది, విధ్వంసమూ చూసింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర సందర్భంలో ఇక్కడికి వచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించాడు. 1579 ప్రాంతంలో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా బలగాలు క్షేత్రాన్ని ఆక్రమించాయి. కొన్నేళ్లకు కొండరాజు వేంకటరాజు వాళ్లను తరిమి గుడిని నిలబెట్టాడని అక్కడి శాసనం చెబుతోంది. రాజ్యాలు పోయాయి, జమీందారీలు పోయాయి. పల్లకి మాత్రం ఇప్పటికీ కనుమ నాడే కదులుతోంది.

ఇన్ని తరాలు ఇది నిలవడానికి భక్తే మూలం. దాంతో పాటు ఆ నడకను ఏర్పరచిన తీరులోనూ గొప్ప తెలివి ఉంది. బోయీల భుజాల మీద నలభై రోజుల బరువు ఒక్కసారిగా పడదు. ఈ ఊరి తెలుపు నుంచి పక్క ఊరి తెలుపు వరకే ఆ పూట పని. అక్కడ ఎదురుచూసే జనం ఉంటారు, హారతి ఉంటుంది, అన్నం ఉంటుంది. ఎవరి ఊరికి పల్లకి ఏ రోజు వస్తుందో వాళ్లకు ముందే తెలుసు. ఒక ఊరు సిద్ధంగా లేదని స్వామి రాక మరో వారానికి జరగదు.

ఆ రోజు చుట్టూ ఇంటి పనులన్నీ సర్దుకునేవి. మా అవ్వ మిద్దెకు సున్నం కొట్టించడం, కారుతున్న మూలను బాగుచేయించడం, అంగట్లో పాతబాకీ తీర్చడం, కొత్త అల్లుడికి కబురంపడం, అన్నీ పారువేట లెక్కలోనే చూసుకునేది. కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద వరి ఇంటికి చేరి, నల్లరేగడిలో శనగ చేతికొచ్చే కాలం అది. చేతిలో ఎంత ఉందో రైతుకు తెలుస్తుంది కాబట్టి, ఎంత పని తలకెత్తుకోవచ్చో కూడా తెలుస్తుంది. అవ్వ ఏ ఏడూ ఇల్లంతా తిరిగి కట్టిస్తానని మొక్కుకోలేదు. ఒక ఏడు అరుగు, ఇంకో ఏడు పశువుల గాటిపాడు. అలాగే ఇల్లు నిలబడింది.

దీనికి పక్కనే పెట్టి చూడాల్సిన చరిత్ర ఒకటి నంద్యాల నేల మీదే ఉంది. తుంగభద్ర నుంచి కాలువ తవ్వి, అందులో పడవలు నడుపుతూ, నీళ్లను నెల్లూరు తీరం దాకా తీసుకుపోవాలని మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తలపెట్టింది. దాని వెనుక ఆర్థర్ కాటన్ ఆలోచన ఉంది. పెట్టుబడికి 5 శాతం వడ్డీ ఇప్పిస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1863లో పని మొదలైంది. సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా, 306 కిలోమీటర్లు తవ్వేసరికి డబ్బు చాలలేదు. 1871 నాటికి నీళ్లు పారినా, జొన్నా పత్తీ పండించే రేగడి రైతులు తొలినాళ్లలో ఆ నీళ్లు పెద్దగా తీసుకోలేదు. కంపెనీ నష్టాల్లో మునిగింది. 1882లో ప్రభుత్వమే ఆ కేసీ కాలువను కొనేసింది. సముద్రం కల అక్కడే ఆగిపోయింది.

అయినా పూర్తయిన మేరకు ఆ కాలువ అన్నం పెట్టింది. నేడు కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాల్లో దాని ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. నంద్యాల బియ్యానికి పేరు తెచ్చింది ఆ నీళ్లే. పెద్ద కల కనడం తప్పని నేను అనను. నీళ్లు ఎవరికి కావాలో, ఏ ఏటికి ఎంత దూరం తవ్వగలమో తేల్చుకోకుండా సముద్రం మీదే చూపు నిలిపితే కల కనే వాళ్లు దివాలా తీస్తారు. పారువేటను ఏర్పరచినవాళ్లు ఆ లెక్క ముందే చూసుకున్నారు. గమ్యం కల్యాణమే, కానీ ఏ పూటకైనా లక్ష్యం పక్క ఊరే.

ఇందులో మరో మాట ఉంది. పల్లకి కోసం ఎదురుచూసే మనుషులు ఉన్నారు. ఒంటరిగా మనసులో పెట్టుకున్న సంకల్పం ఎవరికీ తెలియకుండానే చచ్చిపోతుంది. పదిమందికి తెలిసిన తేదీకి మనిషి బద్ధుడవుతాడు. ఏ ఇంటి ముందు ముగ్గు లేదో, ఎవరి గోడకు సున్నం పడలేదో ఊరంతా చూస్తుంది. ఆ చూపులో దెప్పిపొడుపు కంటే తోడే ఎక్కువ. గోడ మిగిలిపోయిన ఇంటికి పక్కింటివాళ్లు చీపురుకట్టా సున్నం తట్టా పట్టుకుని వచ్చేవాళ్లు.

పారువేట ఊళ్లలో పెద్దల జ్ఞాపకాలు రాసిపెట్టాలన్నది నా కోరిక. అన్ని ఊళ్లూ ఒకేసారి తిరగడం నా వల్ల అయ్యే పని కాదు. అందుకే ఏడాదికి ఒక ఊరు, ఆ ఊరికి పల్లకి వచ్చిన రోజే అక్కడి తెలుపు దగ్గర కూర్చుని వింటున్నాను. పక్క ఊరి సంగతి పక్క ఏడాదిది.

మీరు ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్న పని ఏదైనా సరే, దాన్ని ఊళ్లుగా విడగొట్టండి. మొదటి ఊరికి ఒక తేదీ పెట్టండి. ఆ తేదీని మీ మేలు కోరే ఒక్కరికైనా చెప్పండి. ఆ రోజు రాగానే, సిద్ధంగా ఉన్నా లేకున్నా, పల్లకి ఎత్తండి.