జరుగని పనులు – మన నుడికారములు

జరుగదని తెలిసిన పనిని జరుగదని చెప్పక, వేరొక జరుగని పనితో ముడిపెట్టి చెప్పుట అన్ని భాషలవారికి అలవాటే. పందులకు రెక్కలు వచ్చినప్పుడని ఆంగ్లేయులందురు. కోళ్ళకు దంతములు మొలిచినప్పుడని ఫ్రెంచివారందురు. బాకీ తీర్చనివారు గ్రీకుల ‘కలెండు’నాడు తీర్తురని రోము చక్రవర్తి అగస్టసు పరిహసించెడివాడట. నెల మొదటి దినమునకు ఆ పేరు రోమనులదే గాని గ్రీకులకు లేదు.

మనకు ఈ సంపద తక్కువ కాదు. గగనకుసుమము, కుందేటి కొమ్ము, గొడ్రాలి బిడ్డ అనునవి సంస్కృతమునుండి వచ్చినవి. పొద్దు పడమట పొడుచుట, అత్తకు మీసములు మొలిచి మామ యగుట మన వాకిళ్ళలో వినబడునవి. కెప్టెన్ కార్ అను దొర తెలుగు సామెతలను సేకరించి 1868లో చెన్నపట్టణమున అచ్చొత్తించెను. అట్టి కూర్పులవలన ఎన్నో నుడులు మనకు దక్కినవి.

ఇట్టి మాటలను రెండు తెగలుగా విడదీయవచ్చును. కుందేటికి కొమ్ము మొలవకుండుట ప్రకృతి ధర్మము. మరికొన్ని మాత్రము ఇంతవరకు జరుగనివే గాని జరుగరానివి కావు. ఈ భేదము కృష్ణాతీరమువారికి తెలిసినంతగా మరి యెవరికి తెలియును?

1832–33 నాటి గుంటూరు కరవులో, కృష్ణ ప్రవహించుచుండగనే దాని చేరువ సీమలో జనులు అన్నము లేక మడిసిరి. ఏటి నీరు ఏటేట వేళకు చేలకెక్కునని ఆనాడు చెప్పినచో ఎందరు నమ్మియుందురు? 1852లో బెజవాడ వద్ద ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసినది. ఇరుప్రక్కల కాలువలు సాగినవి. ఆ ఆనకట్ట 1952లో తెగగా, 1957లో ప్రకాశము బరాజు దాని స్థానమున నిలిచినది. నాటి కల నేటి వరిచేను.

ఇక రెండవ మాట. కృష్ణమ్మ పొంగి ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మ ముక్కుపుడకను తాకునని వీరబ్రహ్మముగారి కాలజ్ఞానముగా జనులు చెప్పుకొందురు. వరద వచ్చినప్పుడెల్ల బెజవాడవారు కొండవైపు చూచి ఈ మాట తలచుకొనుట పరిపాటి. 2009 అక్టోబరులో బరాజు వద్ద సుమారు 11 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినది. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చినది. ముక్కుపుడక తడియలేదు.

కాని ఆ 2024 సెప్టెంబరులోనే మైలవరము కొండలనుండి కొల్లేటికి పారు బుడమేరు గట్లు తెంచుకొని, సింగునగరు మొదలగు పేటలను దినములతరబడి ముంచెత్తినది. 2005లోను ఆ యేరు నగరమును ముంచినదే. అందరి చూపు కొండయెత్తు నీటిపై నుండగా, ఆపద మోకాటియెత్తు గట్టును దాటి వచ్చినది.

కనుక జరుగదను మాటను వినునపుడు, అది కుందేటి కొమ్మా, బుడమేటి గట్టా అని విచారించుట మంచిది. ఈ విచారణకు గ్రామ గ్రంథాలయమే తగిన తావు. పెద్దల సామెతలతోపాటు, ఏ యేటి వరద ఏ గడపవరకు వచ్చినదో కూడ ఒక పుస్తకమున వ్రాసి యుంచినచో, అది పిల్లలకు ఒకనాడు అక్కరకు వచ్చును.