నగరానికి తరలివచ్చిన ప్రాంతం: విశాఖ జనచలనం – ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విస్తరణ దృష్టి

విశ్వవిద్యాలయ పరిధి అనగానే మనకు స్ఫురించేది జిల్లాల పటం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విషయంలో ఆ పటం స్థిరంగా ఉన్న కాలం తక్కువ. 1926లో బెజవాడ కేంద్రంగా ఏర్పడిన పరిషత్తు 1930లో వాల్తేరుకు చేరింది. కేంద్రస్థాన వివాదంలో దత్తమండలాలు మద్రాసు విశ్వవిద్యాలయం వైపే మొగ్గాయి. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం కావాలన్న అంశం చేరడానికి ఆ అసంతృప్తే నేపథ్యం. 1967లో గుంటూరులో నెలకొల్పిన స్నాతకోత్తర కేంద్రం 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమయింది. 2006లో రాజమహేంద్రవరంలో, 2008లో ఎచ్చెర్లలో కొత్త విశ్వవిద్యాలయాలు వెలిశాయి. ఇలా పరిధి కుదించుకుపోతున్న కాలంలోనే పరిషత్తు ఉన్న ఊరు మాత్రం విపరీతంగా పెరిగింది.

1901లో సుమారు 41 వేల జనాభా గల విశాఖపట్నం 1951 నాటికి లక్ష దాటింది. 1991లో పరిసర ప్రాంతాలతో కలిపి పది లక్షలు, 2011లో పదిహేడు లక్షలు మించింది. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1941లో పునాది పడిన నౌకానిర్మాణ కేంద్రం, 1957 నాటి చమురుశుద్ధి కర్మాగారం, అటుపై ఉక్కు కర్మాగారం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి జనాన్ని రప్పించాయి. అంతకుముందు అదే జనం రంగూనుకు ఓడలెక్కేవారు. బర్మా నుంచి తిరిగివచ్చిన కుటుంబాల గుర్తుగా కంచరపాలెం ప్రాంతంలో బర్మా క్యాంపు అనే పేరు నేటికీ నిలిచి ఉంది.

వీరందరినీ వలసదారులన్న ఒకే మాటలో ఇమడ్చడం సరికాదు. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన గ్రామాల వారు నగరానికి రాలేదు. నగరమే వారి మీదికి వచ్చింది. 2001లో సుమారు రెండున్నర లక్షల జనాభాతో వేరే పురపాలక సంఘంగా ఉన్న గాజువాక 2005లో మహానగరపాలక సంస్థలో విలీనమయింది. జనాభా లెక్కల్లో అది నగర వృద్ధి. నిర్వాసిత కాలనీలోని రైతుకు అది పొలం పోవడం, ఊరి పేరు పోవడం, కొడుకు ఉద్యోగం కోసం దశాబ్దాలు ఎదురుచూడడం.

ఈ మార్పును విశ్వవిద్యాలయం అసలు గమనించలేదనలేము. 1972లో ప్రారంభించిన దూరవిద్య పెద్ద ముందడుగు. అయితే విద్యార్థి దూరాన ఉన్నాడన్నది దాని మూలభావన. గాజువాకలో షిఫ్టు పని చేసే కార్మికునికి వాల్తేరు కొన్ని మైళ్ల దూరమే. అతనికి అందనిది వేళ. పగటి తరగతులకు రాలేడు, పోస్టులో వచ్చిన పాఠాన్ని ఒంటరిగా చదువుకోలేడు. అతని పేటలోనే సాయంకాలపు తరగతి ఉండాలి. దానికి అధ్యాపకులు, రవాణా, స్త్రీలు నిర్భయంగా ఇంటికి చేరే ఏర్పాటు కావాలి. ఇవి ఖర్చుతో కూడినవే. మారుమూల మండలంలో ఏడాదికొక సదస్సు జరిపి దానిని ప్రాంతీయ సేవగా నమోదు చేసుకోవడం తేలిక గనుకనే మనం అటు మొగ్గుతున్నామేమో ఆలోచించుకోవాలి. శ్రీకాకుళం బాధ్యత ఇప్పుడు ఎచ్చెర్లది కదా అన్న వాదం అనుబంధ కళాశాలల వరకే చెల్లుతుంది. మల్కాపురంలో కాపురముంటున్న శ్రీకాకుళ కుటుంబం ఎచ్చెర్ల పరిధిలో లేదు.

తెలుగు శాఖలకు ఇందులో ప్రత్యేకమైన పని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటి వ్యవసాయ పదాలను గ్రామాల నుంచి సేకరించింది. ఆనాటికి అదే సరైన పద్ధతి. మాండలికం పల్లెలో ఉంటుంది, నగరంలో చెదిరిపోతుంది అన్న భావన ఆ పద్ధతి నుంచి మన పరిశోధనల్లో స్థిరపడింది. కానీ ఆ గ్రామాలే లేనప్పుడు వాటి మాటలెక్కడ దొరుకుతాయి? కర్మాగారం కింద పోయిన చెరువుల, మడుల, గట్ల పేర్లు నిర్వాసిత కాలనీల వృద్ధుల నోటనే ఉన్నాయి. 1971లో శంకుస్థాపన నాటికి నాగలి పట్టిన వ్యక్తి ఎంత చిన్నవాడైనా ఇప్పుడు డెబ్బయికి అటూ ఇటూ ఉంటాడు. గిడుగు రామమూర్తి సవర భాష నేర్వడానికి కొండల్లోకి వెళ్లవలసి వచ్చింది. మనం సిటీ బస్సు ఎక్కితే చాలు.

ఇందుకు మొదటి ఆధారాలు విశ్వవిద్యాలయం చేతిలోనే ఉన్నాయి. ప్రవేశ దరఖాస్తుల్లోని చిరునామాలను పేటల వారీగా, దశాబ్దాల వారీగా విడదీస్తే నగరంలో ఏ భాగం నుంచి ఎవరు చదువుకు వస్తున్నారో, ఏ భాగం నుంచి అసలు రావడం లేదో తేలుతుంది. అయితే చిరునామా ఒక్కటే చాలదు. విశాఖపట్నం అని రాసిన విద్యార్థి తాత టెక్కలి నుంచి వచ్చాడా, రంగూను నుంచి వచ్చాడా, కదలకుండానే నిర్వాసితుడయ్యాడా అన్నది అందులో ఉండదు. దరఖాస్తులో తల్లిదండ్రుల స్వగ్రామానికి ఒక గడి చేర్చడానికి పాలకమండలి తీర్మానం తప్ప ఖర్చేమీ లేదు.